వడియాలూ వంకలూ

మిర్చి యార్డులో సరుకు కొనేవాడు పొరపాటున కూడా అనకూడని మాట ఒకటుంది. అది "బాగుంది" అన్న మాట. ఆ మాట అన్నాడంటే వాడు కొనడని రైతుకు అర్థమైపోతుంది. దారినపోయేవాడు బాగుందంటాడు. యార్డు చూడ్డానికి వచ్చిన చుట్టం బాగుందంటాడు. కొనాలని మనసులో గట్టిగా ఉన్నవాడు మాత్రం టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి, మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాయలు గుప్పెడు బయటికి లాగుతాడు. ఒకదాన్ని చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటుందో లేదో విని, తుంచి, వాసన చూసి, తుమ్మి, "తేమ ఉంది" అని పెదవి విరుస్తాడు. తాలు కలిసిందంటాడు, రంగు దిగిందంటాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వస్తాడు. ఎన్ని వంకలు పెడితే అంత నచ్చినట్టు. ఆ సంగతి రైతుకీ తెలుసు కాబట్టి ఎవరికీ బాధ లేదు.

గుంటూరులో ఒక ఎగుమతి వ్యాపారి తరఫున సరుకు చూసి కొనడం నా ఉద్యోగం. పాతికేళ్లుగా ఇదే పని. నాకు ముందు మా నాన్నదీ ఇదే పని. నాన్న నోట నేను విన్న అతి పెద్ద పొగడ్త "ఫరవాలేదు". అదైనా నా గురించి కాదు, ఒక ఏడాది వచ్చిన తేజ రకం కాయ గురించి.

ఈ సోదంతా ఎందుకంటే, హైదరాబాదులో ఏటా జరిగే వీడియో గేముల జాతరలో నేను చేసిన ఘనకార్యం దీనివల్లే జరిగింది. యాభైకి దగ్గరపడుతున్న మిర్చి మనిషికి అక్కడేం పనని అడుగుతారేమో. మా ఇంట్లో అందరూ అడిగారు.

చిన్నప్పుడు చిలకలూరిపేటలో మా వీధి చివర వీడియో గేముల కొట్టు ఉండేది. అందులో నేను మహారాజుని. నేను ఆడుతుంటే నా వెనక జనం నిలబడి చూసేవాళ్లు, కొట్టతను నన్ను చూసి మిగతావాళ్లను కుర్చీలోంచి లేపేవాడు. తరవాత నాన్న నన్ను యార్డుకు తీసుకెళ్లాడు. ఆ రోజుతో రాజ్యం పోయింది. ఆపైన ఇరవై ఏళ్లకు పైగా బటన్ అంటే చొక్కాదే. కరోనాకు యార్డు మూసినప్పుడు, ఇంట్లో గోడలకు కూడా వంకలు పెట్టడం అయిపోయాక, ఫోనులో ఒక ఆట దించుకున్నాను. మూడు రోజుల్లో పాత రోగం తిరగబెట్టింది. అది మొదలు ఏటా ఆ జాతరకు వెళ్తున్నాను.

మొదటి ఏడు జరిగింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ముందురోజు సాయంత్రందాకా యార్డులో కాయ తుంచి, తెల్లారి రైలెక్కి పోయాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను కానీ మిరప ఘాటు సబ్బుకు పోదని తెలిసి కూడా నూనె రాసుకోలేదు. అక్కడ కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, అది జారిపోతుంటే రెండు చేతులతో దాని మెత్తను బాగా నొక్కి సర్దుకుని, సముద్రం అడుగున తిమింగలాన్ని చూసి వచ్చాను. నా తరవాత పెట్టుకున్న కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. తిమింగలం అంతగా కదిలించిందని ఆ స్టాలువాళ్లు పొంగిపోయి అతనికి ఫొటో తీశారు. ఆ తరవాతామె వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెకూ ఫొటో తీశారు. మూడో అతను మంటరోయ్ అని అరిచేసరికి నేను పక్క హాల్లో ఉన్నాను. ఇప్పుడు వెళ్లేముందు రెండుసార్లు కొబ్బరినూనె, ఒకసారి సెనగపిండి. పెళ్లికొడుక్కి కూడా నాకు జరిగినంత నలుగు జరగదు.

పోయిన ఏడు మా ఆవిడ కూడా వస్తానంది. కళ్లజోడు లేకుండా పేపరు చదవలేని మనిషి అంత దూరం వెళ్లి ఏం చూస్తున్నాడో తనూ చూస్తానంది. ఆవిడ చీరాల నేతవాళ్ల ఆడపడుచు. మా తాతల కాలంలో మేమూ మగ్గం మనుషులమే, నాన్న మిర్చిలోకి మారాడు. వాళ్ల పుట్టింట్లో కొట్టుకు వచ్చిన మనిషి ముందు చీర పరిచి, ఎంత బాగుందో చూడండమ్మా అనడం వృత్తిధర్మం. బాగుందనని కొంపలోకి ఆ పిల్లను తెచ్చి పడేశారు మావాళ్లు.

హాల్లోకి అడుగు పెట్టగానే ఒక రాక్షసుడు ఎదురొచ్చాడు. ఆటల్లోని వేషాలు వేసుకుని తిరిగేవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. ఇతనికి కొమ్ములు, రెక్కలు, నేలమీద ఈడ్చుకుపోయే ఎర్రటి అంగీ ఉన్నాయి. ఫొటో కోసం అతను కత్తి ఎత్తి నిలబడితే మా ఆవిడ అంగీ అంచు పట్టుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, ఇది పట్టని చెప్పి ఎవరో మోసం చేశారు బాబూ, ఉత్త పాలియెస్టర్ అంది. రాక్షసుడి మొహం చిన్నబోయింది. అతన్ని ఓదార్చి, అంచు ఊడిన చోట తన కొంగుకున్న పిన్నీసు తీసి పెట్టి పంపింది. తెల్ల చొక్కా, భుజాన కండువాతో ఉన్న నన్ను చూసి రెండు స్టాళ్లవాళ్లు ఎవరో పెద్దమనిషి ప్రారంభోత్సవానికి వచ్చాడనుకుని కుర్చీ వేశారు. మేము కూర్చున్నాం కూడా.

పెద్ద స్టాళ్లు నాకు ఆనవు. అక్కడ ఫైరింజన్లంత తెరలు, చెవులు చిల్లులు పడే శబ్దం, అరగంట వరస. నేను వెళ్లేది హాలు చివర, మరుగుదొడ్ల దారిలో ఉండే చిన్న బల్లల దగ్గరికి. ఒక్కరో ఇద్దరో కూడి సొంతంగా చేసుకున్న ఆటల్ని అక్కడ పెడతారు. చిన్నప్పటి కొట్టు వాసన నాకు అక్కడే తగులుతుంది.

ఆ వరసలో చివరి బల్ల దగ్గర పాతికేళ్ల అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. ముందు ఒక ల్యాప్‌టాప్, పక్కన ఒక నోటుబుక్కు. ఆట ఏమిటయ్యా అంటే, మేడమీద ఒక ముసలావిడ గుమ్మడి వడియాలు పెడుతుంది. సాయంత్రం అయ్యేలోపు కాకులనుంచి, వాననుంచి, పక్కింటి మేకనుంచి వాటిని కాపాడాలి. ఆవిడ చేతిలో కర్ర ఉంటుంది. అంతే ఆట. నేను కుర్చీలో కూర్చుని కర్ర చేతపట్టుకున్నాను. పాతికేళ్ల తరవాత మళ్లీ మహారాజునయ్యాను.

ఆ కాకులున్నాయే, అవి ఉత్త కాకులు కావు. ఒకటి ఎడమవైపు వాలి అరుస్తుంది, మనం అటు పరిగెడితే ఇంకోటి కుడివైపు వచ్చి వడియం ఎత్తుకుపోతుంది. మేకైతే మెట్లమీద నిలబడి మనం అటు తిరిగేదాకా అమాయకంగా చూస్తుంది. నేను కర్ర తిప్పాను, ఓయ్ అన్నాను, హుష్ అన్నాను, అటు వెళ్తున్నవాళ్లు నన్ను చూసి ఆగారు. మా ఆవిడ కాళ్లు లాగుతున్నాయని వెళ్లి కూర్చుంది. మొదటి రోజునుంచి ఐదో రోజుదాకా, వడియాలు ఎండి డబ్బాకెక్కేదాకా ఆడి లేచాను. పొద్దుట్నుంచి ఆట పూర్తిచేసింది మీరొక్కరే అంకుల్ అని ఆ అమ్మాయి మొహం వెలిగిపోతుండగా చెప్పింది. ఎలా ఉందని అడిగింది.

అంతలా నచ్చినప్పుడు నేనేం చేస్తానో మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి. కండువా సర్దుకుని, పెదవి విరిచాను. ఎండ పడమరనుంచి వస్తుంటే నీడ కూడా పడమరకే పడుతోందేమిటమ్మా అన్నాను. కాకి మరీ తెలివి మీరిపోయిందన్నాను. గుమ్మడి వడియం అంత తెల్లగా ఉండదు, రంగు దిగిందన్నాను. ముసలావిడ మోకాళ్లు వంగడం లేదు, కర్రకు చీర కట్టినట్టు నడుస్తోందన్నాను. వాన మరీ చెప్పాపెట్టకుండా వస్తోందన్నాను. ఆ అమ్మాయి ప్రతిదీ నోటుబుక్కులో రాసుకుంది. పదకొండు వంకలయ్యాయి. అటు వెళ్లి మా ఆవిడ తెచ్చిన పులిహోర తిని, మనసాగక మళ్లీ వచ్చి ఇంకోసారి ఆడి, పన్నెండోది చెప్పాను. మూడోసారి వచ్చి మేక గురించి చెప్పాను. నా లెక్క ప్రకారం నేను ఆ పిల్లను నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్నాను.

నాలుగోసారి వెళ్లేసరికి ల్యాప్‌టాప్ మూసి ఉంది. దానిమీద చున్నీ కప్పి ఉంది, అమ్మాయి లేదు. పక్క బల్లమీద చేపలు పట్టే ఆట పెట్టుకున్న గడ్డం అతను నన్ను గుర్తుపట్టి అదోలా చూశాడు. సంగతి అతనే చెప్పాడు. ఆ సాయంత్రం నాలుగింటికి చిన్న ఆటలవాళ్లందరికీ వేదికమీద ఐదేసి నిమిషాలు ఇస్తారట. డబ్బు పెట్టి ఆటలు వేసే కంపెనీలవాళ్లు ముందువరసలో కూర్చుంటారు. వాళ్లకు నచ్చితే ఆట పూర్తవుతుంది, లేకపోతే అక్కడితో సరి. ఈ అమ్మాయి ఉద్యోగం మానేసి రెండేళ్లుగా ఒక్కతే దీనిమీద కూర్చుంది. ఇవాళ కూడా కాకపోతే తిరిగి ఉద్యోగంలో చేరిపోతానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. ఇప్పుడేమో, ఆట చివరిదాకా ఆడిన ఒక్క మనిషికే పదమూడు తప్పులు కనిపించాయంటే అది చూపించడానికి పనికిరాదని, జాబితాలోంచి తన పేరు తీయించడానికి వెళ్లింది.

గడియారం చూస్తే మూడుంబావు. ఆ హాల్లో ఎవర్ని ఎక్కడని వెతకను. వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ రాక్షసుడి పక్కన కూర్చుని అతని ఫ్లాస్కులో టీ తాగుతోంది. నేను చెప్పింది చివరిదాకా విని, ఒక్క మాట కూడా తిట్టకుండా చెప్పులు వేసుకుంది. తిడితే నాకు కాస్త ధైర్యంగా ఉండేది. రాక్షసుడు రెక్కలు మడుచుకుని మాకు దారి చేస్తూ ముందు నడిచాడు. ఆ కొమ్ముల్ని చూసి జనం పక్కకు తప్పుకున్నారు.

ఆ అమ్మాయి వేదిక వెనక మెట్లమీద ఉంది. పేరు తీయడానికి కావలసిన మనిషి భోజనానికి వెళ్లాడని అతని కోసం కూర్చుంది. ఏడ్చినట్టు తెలుస్తోంది. నన్ను చూడగానే లేచి, చాలా థాంక్స్ అంకుల్, మీరు చెప్పకపోతే అందరిముందు నవ్వులపాలయ్యేదాన్ని అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది. నేను గొంతు సవరించుకుని, అది కాదమ్మా, ఆ కాకి సంగతి... అని మొదలుపెట్టాను. ఆ క్షణంలో కూడా నా నోటికి కాకే వచ్చింది. మా ఆవిడ నన్ను పక్కకు జరిపి ఆ పిల్ల పక్కన మెట్టుమీద కూర్చుంది.

"అమ్మా, ఈయనతో నాది ఇరవై రెండేళ్ల కాపురం" అంది. "కొత్తలో నేను పప్పుచారు పెడితే ఉప్పు తక్కువన్నారు, చింతపండు పాతదన్నారు, పోపు మాడిందన్నారు. గదిలోకెళ్లి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని వచ్చి చూస్తే గిన్నెలో చుక్క లేదు. ఈయన మాట వినకూడదు తల్లీ, గిన్నె చూడాలి. అది తెలుసుకోడానికి నాకు ఆరేళ్లు పట్టింది. నీకంత టైము లేదు, నాలుగింటికి నీ పేరు పిలుస్తారు. నీ ఆట దగ్గరికి ఈయన ఎన్నిసార్లు వచ్చారు?"

అమ్మాయి ఆలోచించి, మూడుసార్లు అంది. నాలుగు, ఇందాక వస్తే నువ్వు లేవు అన్నాను నేను.

మా ఆవిడ ఏడ్చిందని నాకు అంతవరకు తెలియదు. ఆరేళ్లన్న మాట చెవిలో గింగిరాలు తిరుగుతోంది. టిక్కీలో కాయ తుంచినట్టే ఇంట్లో మాట తుంచుతూ వచ్చాను. రైతుకు అలవాటే కదా అనుకున్నాను. ఆవిడ రైతు కాదు, ఈ పిల్లా రైతు కాదు. సిగ్గేసింది. రాక్షసుడి ముందు కూడా సిగ్గేసింది.

ఇద్దరూ నావంకే చూస్తున్నారు. చెప్పాల్సింది ఒక్క మాట. యార్డులో పాతికేళ్లు గడ్డకట్టిపోయిన మాట అది, ఓ పట్టాన బయటికి రాదే. కండువాతో మొహం తుడుచుకున్నాను. సెనగపిండి వాసనేసింది.

"బాగుందమ్మా" అన్నాను. "చాలా బాగుంది. నచ్చని బస్తా దగ్గర మేము ఒక్క నిమిషం నిలబడం. నువ్వు వెళ్లి చూపించు."

"మరి మోకాళ్లు?" అంది ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ.

మోకాళ్లు మాత్రం నిజంగానే బాగాలేవని చెప్పాను. అబద్ధం ఎందుకాడాలి. ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది. మా ఆవిడ కొంగుతో దాని మొహం తుడవబోయి, పిన్నీసు రాక్షసుడి దగ్గరుందని గుర్తొచ్చి, జారుతున్న కొంగును ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తుడిచింది.

నాలుగూ పదికి ఆ అమ్మాయి పేరు పిలిచారు. మేము చివరి వరసలో నిలబడ్డాం. ఆమె వేదికమీద ల్యాప్‌టాప్ తెరిచింది. వెనక గోడంత తెరమీద ముసలావిడ మేడమీదికి వచ్చింది. కర్రకు చీర కట్టినట్టు, మోకాళ్లు వంచకుండా, టకటకా నాలుగడుగులు నడిచి, కాకిని చూసి గిరుక్కున తిరిగింది. హాలు హాలంతా ఘొల్లుమంది. మోకాళ్ల నొప్పుల మామ్మను అంత బాగా ఎలా పట్టుకున్నావని ముందువరసలో ఒకాయన మైకులో అడిగాడు. అమ్మాయి ఒక్క క్షణం ఆగి, ఆవిడ నడక మొదట్నుంచీ అంతేనండీ అంది. మా ఆవిడ నావంక చూడలేదు. చూడకుండా మోచేత్తో ఒక్కటి పొడిచింది.

తిరుగు రైలు సత్తెనపల్లి దాటింది. అప్పుడడిగాను, నిజంగా ఏడ్చావా అని. కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ, అప్పట్లో అంది. క్షమించమని అడగడం నాకు బాగుందనడం కన్నా కష్టం. సరే, అదీ అడిగాను. పక్క సీటాయన మా గొడవేదో వినబోతున్నానని ఆశగా ఇటు తిరిగాడు. అతనికి పులిహోర పెట్టాం.

ఈ వేసవిలో, యార్డు నిండా టిక్కీలు పడి ఊపిరాడని రోజుల్లో, ఆ అమ్మాయి ఫోను చేసింది. ముందువరసలో మైకు పట్టుకున్నాయన కంపెనీవాళ్లే ఆట వేస్తున్నారట, ఫోనులో కూడా వచ్చిందట. రెండో రోజు ఆటలో మీకోసం ఒకటి పెట్టాను అంకుల్, ఆంటీకి చూపించండి అంది. ఆదివారం యార్డు సెలవు. నేను అన్నానికి కూర్చున్నాను. మా ఆవిడ వడ్డించి, గదిలో మంచంమీద కూర్చుని ఆట తెరిచింది.

రెండో రోజు పొద్దున్నే మేడమీదికి ఒక పెద్దమనిషి వస్తాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా. వంగి ఒక వడియం తీసి, చెవి దగ్గర ఆడించి, తేమ ఉందని చెప్పి, నోట్లో వేసుకుంటాడు. మా ఆవిడ ఏమాత్రం ఆలోచించకుండా అతన్ని కర్రతో ఒక్కటేసింది. అతను ఒకడుగు జరిగి, ఎండ చాలలేదని ఇంకోటి నోట్లో వేసుకున్నాడు. మళ్లీ వేసింది. ఎంతో శ్రద్ధగా, చాలాసేపు వేసింది. ఈలోపు కాకులు వచ్చి మేడంతా ఖాళీ చేసి పోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి చెయ్యి నొప్పిపుట్టిందేమో, కర్ర పక్కన పెట్టి ఊరికే చూస్తూ కూర్చుంది. కాసేపటికి గదిలోంచి నన్ను పిలిచింది.

"ఏమండీ, ఈయన్ని కొట్టకుండా వదిలేస్తే కాకులు రావట్లేదండీ. ఈయన అక్కడ నిలబడి వంకలు పెడుతున్నంతసేపు ఒక్కటీ వాలట్లేదు."

చూశావా మరి అన్నాను గొప్పగా. తినే వడియాలు తింటూనే ఉన్నాడులెండి అంది.

కంచంలో పప్పుచారు కలుపుకున్నాను. ఉప్పు ఒక రవ్వ తక్కువైంది. నోటిదాకా వచ్చింది. మింగి, పప్పుచారు బాగుందని గదిలోకి వినిపించేలా అన్నాను. లోపల ఆట చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ ఫోను మంచంమీద పడేసి, గాబరాగా బయటికి వచ్చి, నావంక కాకుండా నేరుగా గిన్నెలోకి తొంగి చూసింది. గిన్నెలో చుక్క లేదు. హమ్మయ్య అనుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.